గ్లాసు అంచుకు రమ్ము

మార్చి 4
బార్‌లో ట్రైనింగ్. తాగేవాడి మాట తడబడితే సర్వీస్ ఆపాలి, నీళ్లివ్వాలి, బండి తాళం తీసుకోవాలి, ఆటో పిలవాలి. ఇన్నేళ్లుగా కౌంటర్ వెనక నిలబడే నాకు వీళ్లు నేర్పేదేమిటి అనుకున్నాను. అయినా సాయంత్రం చేసి చూశాను. పాలీహౌస్‌లో ప్లాస్టిక్ పందిరి కింద గులాబీలు కోసే ముత్యాలప్ప ఇంకో పెగ్ అడిగితే లేదన్నాను. గొడవ పడలేదు పాపం. తాళం తనే కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మేనేజర్ రఘునాథ్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. గర్వంగా అనిపించింది.

మార్చి 5
ముత్యాలప్ప ఇంటికి పోలేదట. బస్సెక్కి కర్ణాటక బోర్డర్ దాటి, అక్కడ తాగి, హైవే పక్క కాలువలో పడ్డాడట. తలకు కుట్లు.

మార్చి 9, మధ్యాహ్నం
అతని భార్య చిక్కమ్మ వచ్చి కిచెన్ వాకిట్లో నిలబడింది. లివర్ పాడైందని, ఇంకా తాగితే మనిషి దక్కడని డాక్టర్ చెప్పాడట. మరి నేను పోయనంటే మంచిదే కదా అని విసుక్కున్నాను.

"నువ్వు లేదంటే బోర్డర్ దాటి పోతాడప్పా. ఈడుంటే నేనొచ్చి పిలుచుకొని పోతాను. యాడో పడి చచ్చేదానికన్నా మేలు కదా."

ఇది బారమ్మా, పిల్లల్ని చూసుకునే బాలవాడి కాదు అని కసిరాను. ఆమె కదల్లేదు. చివరికి నాకే ఓ ఉపాయం తట్టింది. గ్లాసు అంచుకు రమ్ము పూసి లోపల ఉత్త కోలా పోస్తే? వాసనకే నమ్ముతాడు. చెప్పగానే ఏడ్చేసింది.

మార్చి 24
ముత్యాలప్ప ఆ కోలానే తాగుతున్నాడు. ఏమీ అనడు. ఏడింటికి ఆమె వస్తుంది, ఇద్దరూ నడిచిపోతారు.

ఏప్రిల్ 3
చిక్కమ్మ నవ్వుతూ వచ్చింది. ఆమె నవ్వగా చూడటం ఇదే మొదటిసారి. నాకూ పిచ్చి సంతోషం. రూమ్‌కొచ్చి నాకోసం కోడికూర వండుకున్నాను.

ఏప్రిల్ 11
అది కోలా అని ముత్యాలప్పకు మొదటి రోజే తెలిసిందట. మరి ఎందుకు తాగావని అడిగాను. భార్య నవ్వుతూ వస్తోంది కదా, అందుకట. అయితే మానేసినట్టేనా అన్నాను. తల దించుకున్నాడు. పాలీహౌస్ స్టోర్‌రూమ్‌లో బాటిల్ దాచుకుని పొద్దున్నుంచీ తాగుతున్నాడట.

"నువ్వు పూసే వాసన నా వాసనను కప్పేస్తా ఉందప్పా. ఆమెకు చెప్పొద్దు."

ఎంత వెధవపని చేశాను! ఏడింటికి ఆమె వచ్చింది, నవ్వుతూ. చెప్పకుండా గ్లాసులు కడుక్కున్నాను.

ఏప్రిల్ 12
రేపు చెప్పేస్తాను.

ఏప్రిల్ 15, కృష్ణగిరి
ముత్యాలప్ప రక్తం కక్కుకున్నాడని పెద్దాసుపత్రికి తెచ్చారు. తెల్లవారుజామున పోయాడు. చిక్కమ్మ నా చేతులు పట్టుకుని చుట్టాలందరికీ చూపించింది. ఈయన వల్లే నా మొగుడు నెల దినాలు చుక్క ముట్టకుండా బతికినాడని చెప్పింది. ఒక ముసలాయన నాకు దండం పెట్టాడు. వద్దనలేకపోయాను.

ఏప్రిల్ 16
చిక్కమ్మ ఫోన్ చేసింది.

"ఉన్నట్టుండి మాన్పించినందుకే పోయినాడేమోప్పా. మనమే చంపేసినామా?"

లేదమ్మా అన్నాను. ఎందుకు కాదో చెప్పమంది.