బామ్మ కొండెక్కనివ్వని లైటు

శ్రావ్యా,

మీ నాన్నగారు పోయిన రోజు ఏలూరు ఆసుపత్రి నుంచి వస్తుండగా కారులో వెలిగిన ఇంజన్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. పెట్రోలు ట్యాంకు మూత వదులైనా వెలుగుతుందంటే గట్టిగా బిగించి చూశాను, పోలేదు. బండి ఉంగుటూరు దాటకుండానే ఆగిపోతోంది కనుక బడికి బస్సులో వెళ్తున్నాను.

మెకానిక్ గంగరాజు మధ్యాహ్నం వస్తాడు. సెన్సర్ మార్చాలట. బామ్మ వినేలా "లైటు ఆర్పేస్తాను" అనవద్దని అతనికి గేటు దగ్గరే చెప్పు. మొన్న ఆ మాటకి ఆవిడ "మా అబ్బాయి దీపాన్ని ఆర్పేస్తావుటయ్యా?" అంటూ కారెక్కి కూర్చుంది. అతను కంగారుపడి "పోనీ కొండెక్కిస్తానండి" అన్నాడు. "ఏ కొండా వద్దు, ముందు నువ్వు నీ బండెక్కు" అని పంపేసింది.

డాష్‌బోర్డు మీద బామ్మ పెట్టిన పువ్వులు తీసెయ్యి. ఒకటి ఏసీలో పడింది. దీపానికి నూనె ఎక్కడ పొయ్యాలని బామ్మ అడుగుతోంది. ఇంజన్ ఆయిల్ ఉందని చెబితే, "ఆ నల్లనూనెతో దీపమేమిటే అమ్మాయ్?" అంది. నువ్వుల నూనె సీసా దాచెయ్యి.

పప్పుచారు వేడి చేసుకో. బామ్మతో కలిసి తిను.

అమ్మ

తా.క. గంగరాజుకి చెబుదామని పొద్దున్న ఫోను తీశాను గానీ, నాకూ నోరు రాలేదు. సెన్సర్ తెమ్మని అతనికి ఇంకా చెప్పలేదు, వట్టి చేతులతోనే వస్తాడు.