చిరుగుల ఆసుపత్రి

బొమ్మల కాలేజీ పెద్దమాస్టారికి,

మీ దగ్గర ఆఖరి ఏడు చదువుతున్న పిల్ల తాలూకు నానమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. రాస్తున్నది నా కోడలు. చేతిరాత బాగుంటే దానిది, మాట ఘాటుగా ఉంటే నాది.

నాకు చదువు లేదు గానీ కళ్లున్నాయి మాస్టారూ. మొదటి ఏడంతా మా పిల్ల ఒక్క ‘అ’ రాసింది. లావుగా, సన్నగా, నిలబెట్టి, పడుకోబెట్టి. మిగతా అక్షరాలు నేర్చేసరికి ముసలిదైపోతుందని బెంగపెట్టుకున్నాను. తరవాతి ఏడు లేని అగ్గిపెట్టెకు బొమ్మ వేసింది. ఆ పైన తిరగని బస్సుకు టికెట్లు గీసింది. పోనీలే అనుకున్నాను. ఇప్పుడేమో మా వీధిగోడ మీద ఇంత పొడుగు సూది వేసి, ‘చిరుగుల ఆసుపత్రి’ అని రాసి, మా గుమ్మంవైపు బాణం గుర్తు పెట్టింది. అదేమిటే అంటే, ‘ప్రాజెక్టు నానమ్మా! లేని కొట్టుకు బోర్డు’ అంది.

లేదని దారిన పోయేవాళ్లకెవరు చెబుతారు? పొద్దున్నే ఒకాయన మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు పట్టుకొచ్చి, ‘డాక్టరుగారున్నారా?’ అన్నాడు. రంగు గీకితే గోళ్లు పోతున్నాయి గానీ సూది పోవడంలేదు. మీరే వచ్చి తుడుచుకోండి.

ఇంతే సంగతులు,
ఒళ్లు మండుతున్న నానమ్మ

తా.క. ఆ ప్యాంటు కుట్టి ఇచ్చాను. చిరుగు చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. అంతమాత్రాన కోపం తగ్గిందనుకోకండి.

•

గౌరవనీయులైన నానమ్మగారికి,

డిజైన్ విభాగం అధిపతి నమస్కరించి రాయునది.

ఆఖరి ప్రాజెక్టులో విద్యార్థులు ఎక్కడా లేని ఒక వ్యాపారాన్ని ఊహించి, దానికి పేరు, గుర్తు, బోర్డు తయారుచెయ్యాలి. మీ మనవరాలి బోర్డు అద్భుతంగా ఉంది. బయటినుంచి ఎగ్జామినర్ వచ్చి చూసేదాకా దయచేసి చెరపకండి. ఎవరైనా వస్తే, అలాంటి కొట్టేదీ లేదని చెప్పి పంపించండి, చాలు.

భవదీయుడు,
మాస్టారు

తా.క. ‘అ’కు ఏడాది ఎక్కువన్నారు. నేనింకా గీస్తూనే ఉన్నానండీ.

•

మాస్టారికి,

నానమ్మ దీవించి రాయించేది. దీవెన మర్యాదకు మాత్రమే.

లేదని చెప్పమంటారా? గుడ్డ చేత్తో పట్టుకుని ఆశగా గుమ్మంలో నిలబడినవాళ్లతోనా? అప్పుడు వాళ్లేమంటారు? ఈ ఇంటి పిల్ల గోడ మీద అబద్ధం రాసింది అంటారు. నా మనవరాల్ని అంత మాట అననిస్తానా?

అందుకని నిజంగానే కొట్టు పెట్టేశాను. కుట్టుమిషను వరండాలోకి లాగించాను. బల్ల వేయించాను. కోట్లు, గొడుగులు, బడిసంచులు, అన్నీ వస్తున్నాయి. అందరూ నన్ను ‘డాక్టరమ్మా’ అంటున్నారు. బోర్డు నిజమైపోయింది కాబట్టి దాని మార్కులు రెట్టింపు చెయ్యండి.

ఇట్లు,
డాక్టరమ్మ

తా.క. (ఇది కోడలిది. అత్తయ్యకు చదివి వినిపించను.) మా హాలును ‘వార్డు’ అంటున్నారు, నన్ను ‘నర్సమ్మా’ అంటున్నారు. ఎగ్జామినర్‌గారిని త్వరగా పంపండి.

•

నానమ్మగారికి,

మాస్టారు కంగారుగా రాయునది.

ఎంత పని చేశారండీ! నిజంగా ఉన్న కొట్టు ‘ఊహా వ్యాపారం’ కింద చెల్లదు. ప్రాజెక్టు కొట్టేస్తే మీ మనవరాలు ఏడాదంతా మళ్లీ చదవాలి. పాపం, నా గదిలో తల పట్టుకుని కూర్చుంది.

ఒక్కటే దారి ఉంది. ప్రాజెక్టును ‘నిజమైన యజమానికి చేసిన పని’ కిందకు మార్చాను. దానికి కొట్టు యజమాని, అంటే మీరు, పని నచ్చిందని ఎగ్జామినర్‌తో ఒక్క మాట అనాలి. అంతే.

ఆశతో,
మాస్టారు

తా.క. మా ఆవిడ గొడుక్కి ఊచ విరిగింది. గొడుగులూ చేర్చుకుంటారని విని అడగమంది.

•

మాస్టారికి,

యజమానురాలు రాయించేది.

నచ్చిందనాలా? యజమానిని నేనే కదా అని, మార్పులు చెప్పాను. అక్షరాలు మరీ సన్నం, లావు చెయ్యమన్నాను. అంత గోడ ఖాళీగా వదిలేసింది, అక్కడ నా మొహం వెయ్యమన్నాను. ఏమందో తెలుసా? ‘మార్చను నానమ్మా’ అంది. ఖాళీ ఉంటేనే చూపు ఆగుతుందట! కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాకెదురు చెప్పిన ప్రాణి లేదు. మార్చేదాకా మీ ఎగ్జామినర్‌తో ఒక్క మాటా అనను.

దాని ఏడాది పోతుందేమోనని నాకు నిద్ర పట్టడంలేదు. ఆ సంగతి దానికి తెలిసిందో, చూడండి మరి!

ఇట్లు,
పట్టు విడవని నానమ్మ

తా.క. (కోడలిది.) ఇద్దరికీ మాటల్లేవు. ‘ఉప్పందించమను’ అని ఒకరు, ‘అందుకోమను’ అని ఒకరు. పక్కపక్కనే కూర్చుని నన్ను కేకేస్తున్నారు. గొడుగు మాత్రం పంపమంటున్నారు.

•

పూజ్యులైన డాక్టరమ్మగారికి,

నిన్న మీ బల్ల మీద బనీనుతో కూర్చున్న మనిషి నమస్కరించి రాయునది.

అవునండీ, అది నేనే. మిమ్మల్ని బతిమాలుకుందామని వచ్చాను. నేనెవరో చెప్పేలోపే మీ కన్ను నా చంక కింద చిరుగు మీద పడింది. ‘విప్పు’ అన్నారు. విప్పాను. నా పక్కన, జేబు వేలాడుతున్న కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి మా ఎగ్జామినర్.

మీ మనసు మెత్తబరుద్దామని, మీరన్న మాటే మీకు అప్పజెప్పాను: ‘బోర్డు మీద అక్షరాలు మరీ సన్నంగా లేవూ?’

మీరు సూది పక్కన పెట్టారు. ‘ఒంటిమీది చిరుగు తెలియనివాడివి, నా మనవరాలి అక్షరాలకు వంకలు పెడతావా? వెంట్రుకవాసి మార్చినా ఊరుకోను! ఆ ఖాళీ చూసే వీధి చివరివాళ్లు కూడా ఇక్కడ ఆగుతున్నారు. నచ్చకపోతే ఆ బనీనుతోనే నడువు!’ అన్నారు.

ఎగ్జామినర్ భయపడుతూనే, ‘కొట్టు యజమాని మీరేనాండీ?’ అని అడిగారు. ‘కనబడ్డంలా?’ అన్నారు. ఆయన అక్కడికక్కడే ‘యజమానికి పని నచ్చినది’ అని రాసేసుకున్నారు. మీ మనవరాలు తరగతిలో అందరికన్నా పైన ప్యాసయింది.

పని యజమానికి నచ్చాలన్నదే మా నిబంధన. నచ్చిందని మనవరాలి ఎదుట ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. మీ పరువు నా బాధ్యత. నా నోట ఈ సంగతి ఆ పిల్లకు తెలియదు.

కృతజ్ఞతలతో,
చొక్కా అక్కడే వదిలి పారిపోయిన మాస్టారు

తా.క. (ఇది కోడలుగారికి మాత్రమే.) ఈ ఉత్తరం అత్తగారికి మీరే కదా చదివి వినిపించేది? పక్కగది తలుపు బార్లా తీసిపెట్టి, కాస్త గట్టిగా చదవండి.