మస్కట్ పోని అన్న

లక్సెట్టిపేట, బుధవారం

అన్నా,

బాపు నీకు అన్యాయం చేశాడు. నువ్వు కరీంనగర్ దవాఖానలో ఉంటే వాడకట్టంతా తిరిగి "మా లచ్చన్న మస్కట్ పోయిండు" అని చెప్పుకొచ్చాడు. జబ్బుకు వైద్యం చేయించుకోవడం దొంగతనమా? అవ్వకు బీపీ వచ్చినప్పుడు ఏ దేశం పోయిందని చెప్పాం?

కల్లు మానిన మూడోనాడు మరమగ్గం దగ్గర కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయావు. కొందరు మొండితనం అన్నారు, కొందరు దేవుడి కోపం అన్నారు. డాక్టరు ఒక్కరే సరిగ్గా చెప్పారు: "అది తాటిచెట్టు మొహం చూడని కల్లు. అండ్ల మత్తు గోలీలు కలుపుతరు. ఒళ్లు దానికి అలవాటు పడ్డంక ఒక్కసారే ఆపితె ఫిట్స్ వస్తయి. ఇది బుద్ధి తక్కువై కాదు, జబ్బు." ఆ రోజు నుంచి మన ఊరి దవాఖాన గోడ మీది కాగితాలు కూడా వదలకుండా చదువుతున్నా.

ఇప్పుడు సంగతి విను. నీ దోస్తు సుధాకర్ నిన్న కార్ఖానాలో నన్ను పట్టుకున్నాడు. "ఏందిరా, వీసా ఖరాబై మీ అన్న ఆదివారం దిగుతుండట గద! ఫారిన్ సీసా తెమ్మను. దావత్ ఇయ్యకుంటె వాడకట్టుల కాలు పెట్టనియ్యం!" అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. బాపు ఆడిన అబద్ధం మొదటి సాయంత్రమే నీ చేతిలో గ్లాసు పెడుతుంది. ఆయనేమో నువ్వు తెచ్చినట్టు చూపించడానికి రెండు దుప్పట్లు, ఒక సెంటు సీసా కొని దాచాడు. అబద్ధం కూడా కల్తీ సరుకే అన్నా! నువ్వు ఊఁ అను, బాపును నలుగురిలో నిలబెట్టి అడుగుతా.

అక్కడ ఫోన్ ఇవ్వరు కాబట్టి అవ్వతో పంపుతున్నా.

నీ తమ్ముడు,
శ్రీహరి

*

కరీంనగర్, గురువారం

కోపిష్టి తమ్ముడికి,

అవ్వ పక్కన కూర్చుని సర్వప్ప తినమని సతాయిస్తుంటే రాస్తున్నా. మస్కట్ మాట బాపుది కాదురా, నాది. బస్సెక్కే ముందు ఆయన చేతులు పట్టుకున్నా: "పిచ్చోళ్ల వార్డుకు పోయిండని ఎవ్వలకు చెప్పకు బాపు, నాకు సావొస్తది." అబద్ధమాడటం చేతకాని మనిషి, నా కోసం నేర్చుకున్నాడు. ఇక నలుగురిలో ఎవరిని నిలబెడతావు?

ఇప్పుడు నిద్ర పడుతోంది. వణుకు తగ్గింది. పక్క మంచం అబ్బాస్ భాయ్‌ది చెన్నూరు, రెండోసారి వచ్చాడు. "పోయినసారి దాచిన భాయ్. దోస్తులు దావత్ అన్నరు, పడిపోయిన. బీమారి మళ్ల లేస్తె మళ్ల దవాఖానకు రావాలె, గంతే. గీసారి గల్లీకంత చెప్పే వచ్చిన. ఇగ ఎవడు నా గ్లాసు నింపుతడు?" అంటాడు. ఆ మాట నన్ను పట్టుకుంది.

సుధాకర్‌కు నిజం చెప్పు. తిట్టకుండా చెప్పు. దుప్పట్లు బాపును కప్పుకోమను.

నీ అన్న,
లక్ష్మణ్

*

లక్సెట్టిపేట, శుక్రవారం

సుధాకరన్నా,

ఎదురుగా చెబితే నా గొంతు లేస్తుంది, అందుకే రాసి మీ అవ్వ ఐలవ్వ చేతికిచ్చా. మా అన్న మస్కట్ పోలేదు. కల్తీ కల్లు తెచ్చిన జబ్బుకు కరీంనగర్‌లో వైద్యం చేయించుకుంటున్నాడు. డాక్టరిచ్చిన గోలీలు ఇంకా కొన్నాళ్లు వేసుకోవాలి. ఎవరికైనా చెప్పు, అన్నే చెప్పమన్నాడు.

పొద్దున అన్న ఉత్తరం బాపుకు చదివి వినిపించా. బాధపడతాడేమో అనుకున్నా. "నయమైంది పో! మస్కట్ల ఎండలెట్లున్నయని అందరడుగుతుంటె సచ్చిపోతున్న" అని సెంటు తీసి అంగీకి పూసుకున్నాడు. ఇల్లంతా గుప్పుమంటోంది.

దావత్ ఉంటుంది. అవ్వ కోడికూర వండుతుంది. సీసా మాత్రం ఉండదు.

ఇంకొక్క మాట. పొద్దుటి పూట నువ్వు దారం అతికేటప్పుడు వేళ్లు వణికి మూడుసార్లు జారుతోంది. ఎదుటి మగ్గం నాదే కదా, చూస్తూనే ఉన్నా. నేను నవ్వడం లేదన్నా. మా అన్నను అడుగు, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో దాచకుండా చెబుతాడు.

పడిపోయినోణ్ని చూడటానికి వాడకట్టంతా ఉరికింది. లేచి వస్తున్నోణ్ని చూడటానికీ రావాలి. ఆదివారం పొద్దున పదింటికి, బస్టాండులో కరీంనగర్ బస్సు ఆగేచోటికి. కార్ఖానా వాళ్లందరినీ తోలుకొని రా.

నీ తమ్ముడిలాంటి,
శ్రీహరి