మూడుసార్లు తట్టాడు

2012 ఫిబ్రవరి 19, ఆదివారం

గెలిచాను. ప్రొఫెషనల్‌గా ఆరో కేజ్ ఫైట్, నాలుగో గెలుపు. రెండో రౌండ్‌లో, ఆర్మ్‌బార్‌తో, ఎదుటివాడి చెయ్యి గుండెకు అదుముకుని మోచెయ్యి వెనక్కి వంచే పట్టు.

చర్చికి వెళ్లలేదు. ఎడమ కన్ను మూసుకుపోయింది. ఈ ముఖంతో వెళ్తే పాస్టర్ గారు ప్రార్థనలో నా పేరు ఎత్తుతారు. అమ్మ ఒక్కతే వెళ్లింది. వెళ్లేముందు ఆ అబ్బాయి చెయ్యి ఎలా ఉందని అడిగింది. ఆపరేషన్ అయిందట అన్నాను. ఇంకేమీ అడగకుండా బైబిల్ తీసుకుని మెట్లు దిగింది.

ఆ అబ్బాయి పేరు కన్నబాబు. తుని నుంచి వచ్చాడు, మౌలాలిలో అక్క దగ్గర ఉంటాడు. అతని కుడి మోచెయ్యి నా నడుం మీద వెనక్కి విరిగింది. చప్పుడు పెద్దగా రాలేదు. తడిసిన పుల్లల కట్ట విరిచినట్టు, మెత్తగా. మొదటి రౌండ్‌లో నన్ను గుద్దినప్పుడే అతని ఎడమ బొటనవేలు కూడా విరిగిందట. ఇప్పుడు రెండు చేతులకూ కట్లు.

రిఫరీ అటువైపు ఉన్నాడు. అందరూ యాక్సిడెంట్ అంటున్నారు. ఫోన్‌లో నలభై మెసేజ్‌లు. సగం మందికి ఆ వంగిన చెయ్యి ఫోటో కావాలి.

ఫిబ్రవరి 20

మూడుసార్లు తట్టాడు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 21, మంగళవారం

ఎవరికీ చెప్పలేనిది ఇక్కడైనా రాయాలి.

తడితే ఓటమి ఒప్పుకున్నట్టు, వదలాలి. రూల్స్ ఎన్ని పేజీలున్నా ఈ ఆటలో ఉన్న మర్యాద అదొక్కటే. కన్నబాబు ఎడమ చేత్తో, ఆ విరిగిన వేలితోనే, నా తొడ మీద తట్టాడు. మొదటిసారి చెమటకు చెయ్యి జారిందేమో అనుకోవచ్చు. రెండోసారి అలా అనుకోవడానికి లేదు. మూడోసారి కోసం ఎదురుచూశాను. ఎదురుచూశాను అన్న మాట రాయడానికి పది నిమిషాలు పట్టింది. మూడోసారి తట్టాక నడుం పైకెత్తాను.

కోపం లేదు. అతను నాకేమీ చెయ్యలేదు. ముందురోజు బరువు చూసేటప్పుడు చెయ్యి కలిపి, బాగా ఆడదాం అన్నా అన్నాడు. భయం లేదు. అలసట కూడా లేదు. హాయిగా ఉంది. ఒక మనిషి మనిషంతా ఒక అరచెయ్యి అయిపోయి నన్ను బతిమాలుతున్నాడు. ఇంకొక్క క్షణం బతిమాలనీ అనిపించింది.

ఇది రాశాక లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను, బాధపడుతున్నవాడిలా కనిపిస్తున్నానా అని. ఛీ.

ఫిబ్రవరి 23, గురువారం

జిమ్‌కి వెళ్లాను. పద్మారావు నగర్‌లో ఫర్నిచర్ షాపు పైన. పాత చెమట, ఫినాయిల్, తడి సాక్సులు. నాలుగేళ్లుగా ఈ వాసనంటే ఇష్టం. ఇవాళ మెట్ల మీదే ముక్కు మూసుకున్నాను.

కోచ్ ధర్మరాజు సార్ నా ఫైట్ వీడియో పెట్టాడు. మోచెయ్యి దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ. నాతో ప్రాక్టీస్ చేసే సూరి బిస్కెట్ తింటూ చూశాడు. కెమెరా కూడా రిఫరీ వైపే ఉంది. తట్టడం కనిపించదు.

అందరూ వెళ్లాక సార్‌కి చెప్పేశాను. టవళ్లు మడతపెడుతూ విన్నాడు. మడతపెట్టడం ఆపలేదు. గీ ముచ్చట ఇంకెవ్వనికీ చెప్పకు, ఆపుడు రిఫరీ పని, నీ పని గాదు అన్నాడు. తర్వాత తన పాత ప్రశ్నే వేశాడు. గా టైంల ఎవని మొఖం యాదికొచ్చింది అని.

కేజ్‌లోకి దిగే ప్రతివాడికీ కొట్టాలనిపించే ముఖం ఒకటి ఉంటుందని సార్ నమ్మకం. సూరికి వాళ్ల నాన్న. సార్‌కి రైల్వేలో ఎవరో ఆఫీసర్. నాకెవరూ లేరు. చిన్నప్పుడు నన్నెవరూ కొట్టలేదు, ఎవరూ అవమానించలేదు, ఉద్యోగం కూడా మొదటి ఇంటర్వ్యూలోనే వచ్చింది. నాలుగేళ్లుగా ఇదే చెబుతున్నాను, సార్ నమ్మడు. ఇవాళ నమ్మాడు. మొఖం ఉన్నోన్నయితే నేను సమ్జాయిస్త, లేనోన్ని ఏం జెయ్యాలె అన్నాడు. నా వైపు చూడకుండా లైట్లు ఆర్పాడు.

ఫిబ్రవరి 24

ఆఫీస్. ఇరవై మూడు బగ్స్ లాగ్ చేశాను. హెచ్ఆర్ భానుప్రియ సీటు దగ్గరికే వచ్చింది. టెస్టింగ్ టీమ్‌లో ఇంత పెద్ద ఫైటర్ ఉన్నాడని ఇన్నాళ్లూ తెలియలేదట. బుధవారం సేల్స్ వాళ్లకు సెషన్ ఇవ్వాలట. టాపిక్, కిల్లర్ ఇన్‌స్టింక్ట్.

సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. తెలుసు.

ఫిబ్రవరి 29, బుధవారం

కాన్ఫరెన్స్ హాల్లో అరవై మంది. ఎగ్ పఫ్స్, ప్లాస్టిక్ కప్పుల్లో కూల్ డ్రింక్. భానుప్రియ గోడంత స్క్రీన్ మీద వీడియో వేసింది. మోచెయ్యి విరిగే చోట కొందరు ముఖాలు కప్పుకుని వేళ్ల సందుల్లోంచి చూశారు. తర్వాత చప్పట్లు.

ఒకతను లేచి, ఆ మూమెంట్‌లో మైండ్‌లో ఏం రన్ అవుతుంది సర్ అని అడిగాడు. చెప్పేశాను. అతను మూడుసార్లు తట్టాడు, నాకు తెలిసింది, తెలిసీ విరిచాను అన్నాను. ఇప్పుడెవరో లేచి తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

భానుప్రియ మైక్ తీసుకుంది. సో గైస్, కమిట్‌మెంట్ అంటే ఇదీ, కస్టమర్ నో అనగానే మనం వదిలేస్తున్నాం, అందుకే మన క్వార్టర్ ఇలా ఏడ్చింది అంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది, మూడో నో తర్వాతే అసలు సేల్ అని. అరవై మందీ నోట్‌బుక్కుల్లో ఎక్కించుకున్నారు.

తర్వాత ఫోటోలు. ఒకమ్మాయి మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకోమంది, ఫోటో బాగా వస్తుందట. వేశాను. సన్నటి మెడ, లోపల నరం కొట్టుకుంటోంది. ఆమె నవ్వుతోంది. నేను టాయిలెట్‌కి వెళ్లి తిన్నదంతా కక్కాను.

మార్చి 1

పఫ్ పాడైపోయి ఉంటుందని అమ్మకు చెప్పాను.

మార్చి 4, ఆదివారం

మౌలాలి వెళ్లాను. రైల్వే క్వార్టర్స్‌లో మొదటి అంతస్తు. తలుపు తీసింది వాళ్లక్క, లోవలక్ష్మి గారు. నేనెవరో చెప్పాను. తిడతారనుకున్నాను. ఎండనపడి ఒచ్చారు, కూకోండి అన్నారు. వాళ్లాయన గూడ్స్ గార్డట, డ్యూటీలో ఉన్నాడు. కన్నబాబు మంచం మీద ఉన్నాడు, ఒక చెయ్యి భుజం దాకా, ఒకటి మణికట్టు దాకా కట్టు. ఆవిడ చారన్నం ముద్దలు చేసి అతని నోట్లో పెడుతున్నారు. పాతికేళ్లవాడు, మీసాలున్నవాడు, నోరు తెరుస్తున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. చూశాను.

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే చెప్పాను. నువ్వు తట్టింది నాకు తెలుసు అని.

నీకు తెలుసనీ నాకు తెలుసు అన్నాడు. నా సెయ్యి నీ గుండెకే కదా అదిమి పట్టుకున్నావు, నాను తట్టేకొద్దీ నీ గుండె నిదానించింది, బయపడ్డోడి గుండె అలా కొట్టుకోదు అన్నాడు. మామూలుగా చెప్పాడు, వాతావరణం గురించి చెప్పినట్టు.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదన్నాను. గొంతు తగ్గించాడు. అక్కకి తెలిస్తే నన్ను మళ్లీ దిగనివ్వదు అన్నాడు. మళ్లీ దిగుతావా అన్నాను. అతను మాలాంటి ఆఫీసుల్లో నెట్‌వర్క్ కేబుల్ వేసే పని చేస్తాడు. కింద కూకుని కేబులు లాగుతుంటే జనం మన మీంచి దాటుకుపోతారన్నా, కాళ్లే తప్ప మొకాలు కనపడవు, కేజ్‌లో అలాక్కాదు, ఎదుటోడు మనల్ని చూసినట్టు పెళ్లాం కూడా చూడదు అన్నాడు. ఆ మాట అంటుంటే అతని కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. అందుకే అసహ్యం వేసింది.

లోవలక్ష్మి గారు టీ తెచ్చారు. ఆటలో ఇలాటివి జరుగుతాయి బాబూ, ఇంటికొచ్చి పలకరించావు, అది చాలు అన్నారు. టీ మొత్తం తాగాను. బాగుంది కూడా.

మార్చి 6, మంగళవారం

అమ్మకు చెప్పాను. ప్రేమమణి టీచర్ అంటే మెట్టుగూడలో సగం మందికి తెలుసు, ముప్పై ఏళ్లు బడిలో సైన్స్ చెప్పింది. ప్రార్థన చేద్దాం అంటుందనుకున్నాను.

ఎనిమిదో తరగతిలో జ్ఞానమణి అని ఒక పిల్ల ఉండేదిరా అంది. పరీక్షలో చూసి రాసిందట. అయిదు దెబ్బలు వెయ్యాలనుకున్నాను, అయిదోదానికి అది చెయ్యి వెనక్కి లాక్కుంది, ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ ముందుకు లాగి ఇంకో రెండు వేశాను, ఆ రెండూ చూసి రాసినందుకు కాదు అంది.

తర్వాత ఏం చేశావమ్మా అన్నాను.

ఏం చేస్తాను, కిరణజన్య సంయోగక్రియ చెప్పాను అంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. అప్పట్నుంచీ బెత్తం ముట్టుకోలేదు, మంచిదాన్నయి కాదు, నేనంటే నాకు భయం వేసి అంది.

రాత్రి ఆ చిక్కుడుకాయ కూర తినలేకపోయాను.

మార్చి 8

ప్రాక్టీస్. సూరి తట్టాడు. వదిలాను. లోపల ఒకటి అని లెక్కపెట్టుకున్నాక.

మార్చి 11, ఆదివారం

ఇవాళ కూడా చర్చికి వెళ్లలేదు. మౌలాలి వెళ్లాను. కన్నబాబును వాళ్ల బావ కట్టు మార్పించడానికి తీసుకెళ్లాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, అందుకే ఆ టైమ్‌కి వెళ్లాను. అబద్ధం రాసి లాభం లేదు.

లోవలక్ష్మి గారు బియ్యం ఏరుతున్నారు. చెప్పాను. మీ తమ్ముడు తట్టాడు, నేను తెలిసే విరిచాను, అది యాక్సిడెంట్ కాదు. ఆవిడ చేట కింద పెట్టారు. ముఖంలో రంగు పోయింది. సాలు బాబూ అన్నారు.

నేను ఎన్నిసార్లు తట్టాడో చెప్పాను. ఏ చేత్తో తట్టాడో చెప్పాను. ఇంక సాలు అని చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుండె సంగతి మిగిలింది. అదీ చెప్పాను. అన్నీ అయ్యాక గానీ నా నోరు ఆగలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఒళ్లు తేలిగ్గా ఉంది. హాయిగా ఉంది. ఆ హాయి ఏదో గుర్తుపట్టడానికి నిమిషం కూడా పట్టలేదు.

మార్చి 12

కన్నబాబు ఫోన్. అన్నా అనలేదు. అతని గ్లౌజులు అక్క పొయ్యిలో పెట్టేసిందట, మళ్లీ దిగితే ఉరేసుకుంటానందట. సెయ్యి అతుక్కుంటాది, దీన్నెలా అతికిస్తావురా అన్నాడు. నువ్వు మా అక్కకి సెప్పింది నీ కోసం అన్నాడు. అవునన్నాను. పెట్టేశాడు.

మార్చి 13, మంగళవారం

ధర్మరాజు సార్‌కి ఇక రానని చెప్పాను. కారణం అడగలేదు. లాకర్ తాళం ఇచ్చి పొమ్మన్నాడు.

సాయంత్రం లోవలక్ష్మి గారి ఫోన్. ఆవిడ ఒక హాస్టల్లో వంట చేస్తారట, పెట్టిన సెలవు అయిపోయిందట. నువ్వు సెప్పేసి ఎల్లిపోతే అయిపోద్దా, రేపట్నుంచి పదకొండింటికి ఒచ్చి ఆడికి అన్నం పెట్టు అన్నారు. అడగలేదు. చెప్పారు.

ఆఫీసుకి సెలవు మెయిల్ పెట్టాను.

మార్చి 14, బుధవారం

పప్పన్నం కలిపాను. కన్నబాబు గోడవైపు చూస్తూ నోరు తెరిచాడు. మూడో ముద్దకు నా వేళ్లు కొరికి పట్టుకున్నాడు. వదల్లేదు. నేను లాక్కోలేదు, తట్టలేదు. అతని ముక్కు ఊపిరి నా చేతి మీద వేడిగా తగులుతోంది.

ఎంతసేపటికి వదిలాడో తెలియదు. చెయ్యి కడుక్కొచ్చి నాలుగో ముద్ద కలిపాను.