మిద్దె మీద ఎండబోసిన పొట్లం

చెల్లీ సుజనా,

ఫోన్‌లో మాట్లాడితే నాయన పక్కనే ఉంటాడు, అందుకే రాస్తున్నాను.

చెనక్కాయ చేనుకు నువ్వు పంపిన పొట్లం అందింది. అందులోని కంటికి కనబడని నులిపురుగులు వేరుపురుగులోకి దూరతాయని, వాటి కడుపులోని బ్యాక్టీరియా దాన్ని చంపుతుందని, చచ్చింది ఇటుకరంగుకు మారుతుందని చెప్పావు కదా. నాయన మురిసిపోయాడు. "ఒగదాన్నొగటి నమ్ముకోని బతకతా ఉండాయి సూడు" అని అందరికీ చెప్పాడు.

కానీ పొట్లం తడిగా ఉంది, బూజు పడుతుందని విత్తనాల మాదిరి మిద్దె మీద ఎండబోశాడు. నేను వచ్చేసరికి పిండిలా ఎండిపోయింది. తడిగానే ఉంచాలని నువ్వూ ముందు చెప్పలేదు. అదే పొడిని సాయంత్రం ఆయన సాలుసాలుకూ చల్లుతుంటే, అందులోనివి చచ్చాయని నేను చెప్పలేదు.

ఇప్పుడు మొక్క పీకితే వేర్లు లేవు. పురుగులు తెల్లగా, లావుగా ఉన్నాయి. చల్లాక నేల తడిగా ఉండాలన్నావని నాయన రోజూ బిందెలతో నీళ్లు మోస్తున్నాడు. వద్దంటే, "తడి లేకుంటే అయి బతకవు గదమ్మా" అంటాడు. ఆ తడికి బాగుపడుతున్నది వేరుపురుగులే.

ఇంకో పొట్లం పంపొద్దు, కాపాడడానికి పైరు లేదు. నీళ్లు పోసింది చాలని మాత్రం నాయనకు నువ్వే చెప్పు. నీ మాటయితే వింటాడు. ఎండబోసిన సంగతి ఎత్తొద్దు.

అక్క