రంగప్ప హాజరు

పెద్దసారూ,

మీరు పోయి ఇవాళ్టికి మూడు నెలలు. పుంగనూరు బడిలో మీ పదో తరగతికి ఇప్పుడు నేనే హాజరు పిలుస్తున్నాను. గంజాయికి అలవాటుపడి బడి మానేసిన రంగప్ప పేరును మీరు కొట్టేయలేదు. రోజూ పిలిచి, జవాబు కోసం గుమ్మం వైపు చూసేవారు. అది మీ చాదస్తమనుకుని మొదటిరోజు నేను ఆ పేరు దాటేశాను.

"రంగప్పను పిలవలేదు సార్. పెద్దసారు దినామూ పిలుస్తా ఉండ్రి" అంది ముందు బెంచీలోని అమ్మాయి.

అప్పటినుంచి నమ్మకం లేకుండానే పిలుస్తూ వచ్చాను.

ఈ ఉదయం పిలవగానే గుమ్మంలోంచి "ఉండాను సార్" అని వినపడింది. బాగా చిక్కిపోయిన రంగప్ప తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా లేచారు, మీరు లోపలికి వచ్చినప్పుడు లేచినట్టే.

నేనూ కుర్చీలోంచి లేచాను.