బెల్టు బిగించాక

నన్ను పెంచిన అక్కకి,

నీ ఎదురుగా కూచుంటే చెప్పడానికి నోరు రావడం లేదు. అందుకే హాస్టల్ నుంచి రాస్తున్నాను.

కుట్టు మిషన్ తొక్కి తొక్కి నన్ను నర్సుని చేశావు. అరిగిపోయిన నీ మోకాలు మార్చిన రోజు, థియేటర్లో డ్యూటీ కావాలని అడిగి మరీ వేయించుకున్నాను. కత్తి పెట్టేముందు యాంటీబయాటిక్ ఎక్కించాలి. తొడకి బెల్టు బిగించకముందే అది రక్తంలో కలవాలి. బిగించాక మోకాలికి రక్తం పోదు, మందూ పోదు. ఆ ఉదయం బెన్సన్ ఫోన్ చేశాడు. అచ్యుతాపురంలో క్వార్టర్ దొరికిందట, పెళ్లి తేదీ పెట్టేద్దామన్నాడు. వరండాలో మాట్లాడుతూ నిలబడిపోయాను. లోపలికి వచ్చేసరికి బెల్టు బిగించేశారు.

"ఫ్లోరా, ఇంజక్షన్ అయిందా?" అన్నారు డాక్టరు గారు.

"అయిందండీ" అన్నాను.

అప్పుడెక్కించాను, ఎవరూ చూడకుండా. కేసు షీట్లో పావుగంట ముందు టైము రాశాను.

నెల తిరక్కుండా చీము పట్టింది. పెట్టిన కీలు తీసేసి మందు కలిపిన సిమెంటు ముద్ద పెట్టారు. ఆరు వారాలు నరానికి మందు, అంతా నా చేత్తోనే, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. చివరికి తొడ దాకా కాలు తీసేశారు. మెలకువొచ్చి నువ్వు దుప్పటి తడుముకుంటుంటే నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

సోమవారం సూపరింటెండెంట్ గారికి అంతా చెప్పేస్తాను. ఆ తర్వాత బెన్సన్ దగ్గరికి వెళ్లిపోతాను. నీ మొహం చూసే ధైర్యం లేదు.

నీ ఫ్లోరా


ఒసే ఫ్లోరా,

నీ ఉత్తరం రెండుసార్లు సదివాను. అందులో నాకు తెలీనిది ఒక్కటీ లేదు.

నడుముకి మత్తిచ్చారు గానీ సెవులకి ఇవ్వలేదు. డాక్టరు అడగడం ఇన్నాను, నీ అబద్ధమూ ఇన్నాను. నీ గొంతు నాకు తెలీదేటి? "లేదండీ, ఇవ్వలేదు" అని నానొక్క మాటంటే బెల్టు వదిలేసి, మందిచ్చి, మళ్లీ బిగించేవోరు. నలుగుర్లో నీకు తలవంపులని నోరు మూసుకున్నాను. ఒక్క ఇంజక్షన్‌కి ఏటవుతాదిలే అనుకున్నాను.

ఇప్పుడు ఒప్పేసుకుని గుండె తేలిక సేసుకుంటావా? నాకు కాలొస్తాదా? నువ్వు సూపరింటెండెంటు ముందు నోరిప్పితే, మా సెల్లికి మతి సెడిపోయిందని నానే సెప్తాను. ఉద్యోగం సెయ్యి. ఆ థియేటర్లోనే సెయ్యి. డ్యూటీ దిగి ఇంటికొచ్చి నా కట్టు మార్చు, నన్ను బాత్రూంకి మొయ్యి. క్షమించమని మాత్రం అడక్కు. అడిగితే క్షమించాల్సొస్తాది.

నిన్న బెన్సన్ వొచ్చాడు. నీ ఉత్తరం సేతిలో పెట్టాను. ఫోన్ సంగతి దగ్గరికొచ్చాక లేచి నిలబడి సదివాడు. కాయితం మడత పెట్టి మంచమ్మీదెట్టి ఎల్లిపోయాడు. ఆడు మళ్లీ రాడు.

రేపు ఆరింటికల్లా రా. తలుపుకి గెడ పెట్టను. లేచొచ్చి తియ్యలేను కదా.

మీ అక్క
ప్రేమలీల